నలభై ఏడో షీటు

…కనకాంబరమే అయితే మాత్రం ఏమయింది, కాకపోతే మాత్రం ఏమయింది, పదమూడేళ్ల కింద ఎండిన కొమ్మకు ఇప్పుడు పేరు దొరికితే ఎవరికి, దొరక్కపోతే ఎవరికి అనుకుంటూ వాసవి ఆ షీటును కట్టలో అడుక్కి తోసింది. తోసిన చేతితోనే మళ్లీ పైకి లాగింది. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి.

లాగిందే గానీ విప్పలేదు. పైనున్న పలచటి కాగితం కింద కొమ్మ నీడలా కనబడుతోంది. నాలుగు ఆకులు, మేకలు కొరికిన ఒక చివర. పువ్వు లేదు.

జనగామలోని ఆ డిగ్రీ కాలేజీలో వాసవి వృక్షశాస్త్రం చెబుతుంది. తాను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు సేకరించి, ఎండబెట్టి అంటించిన పూలమొక్కల షీట్లను, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎండు మొక్కలు దాచే కాలేజీ హెర్బేరియంకు ఇచ్చేసింది. అరవై మూడు షీట్లు. ఎల్లుండి తనిఖీ బృందం వస్తోందని ఇప్పుడు బీరువాలన్నీ సర్దుతున్నారు. పేరున్న షీటు బీరువాలోకి, పేరు లేనిది బస్తాలోకి. అరవై రెండు సర్దడం అయిపోయింది.

"మేడం, గిదొక్కటే మిగిలింది," అన్నాడు అటెండరు ఆగయ్య, బస్తా మూతిని రెండు చేతులా తెరిచి పట్టుకుని. "బస్తల ఎయ్యాల్నా, బీరువల వెట్టాల్నా?"

"ఆగు ఆగయ్యా, చూస్తున్న."

"పొద్దుగాల్నుంచి మీరు సూస్తనే ఉన్నరు. గా కొమ్మనే మీ దిక్కు సూస్తలేదు."

వాసవికి నవ్వు రాలేదు. ఆగయ్యకు అది తెలిసి గొంతు తగ్గించాడు. "ఏదో ఒక పేరు రాసి పారేయుండ్రి మేడం. అచ్చేటోళ్లకేం ఎరుక? ఇంగ్లీషుల పొడుగ్గ రాస్తే వాళ్లే తలకాయ ఊపుతరు."

సర్దుబాటు పని చూస్తున్న జువాలజీ జితేందర్ సారు తలుపులోంచే కేకేశాడు. "వాసవి మేడం, నాలుగ్గంటలకు బీరువకు తాళమేస్తున్న. నేను కప్పలను, పాములను సర్దేసిన. మీ నాలుగాకులు తెగుతలేవేంది?"

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

ఏదో ఒక పేరు రాయడం తెలియక కాదు. కింద లేబుల్ మీద ఇప్పటికే రెండు పేర్లున్నాయి. ఒకటి పెన్సిల్‌తో, సన్నగా, ఎడమకు వాలిన అక్షరాల్లో: డిసెంబరం. ఇంకొకటి నీలిసిరాతో, గట్టిగా ఒత్తి రాసింది: కనకాంబరం. రెంటి మీదా అడ్డంగా ఒక ఎర్రగీత. ఆ గీత కింద గైడు మోతీలాల్ సారు రాసిన మాట: పువ్వు లేదు, పేరు లేదు.

నీలిసిరా వాసవిది. పెన్సిల్ హన్మంతుది.

లేబుల్ మీద చెరిగిపోని మరక కూడా ఒకటి ఉంది. బయ్యారం వైపు మట్టి. ఆ వైపు ఏ కాగితం తీసుకెళ్లినా అది ఆ ఇనుప ఎరుపును పట్టుకునే తిరిగొస్తుంది.

ఎమ్మెస్సీలో తోటి విద్యార్థులైన ఆ ఇద్దరికీ కలిపి ఒకటే ప్రాజెక్టు ఇచ్చారు. పెరళ్లలో పెంచుకునే పూలమొక్కలను ఆకుల ఆకారాన్ని బట్టి, ఆకు లోపలి నిర్మాణాన్ని బట్టి వర్గీకరించడం. పువ్వు ఉన్నప్పుడు మొక్కను ఎవరైనా గుర్తుపడతారు, పువ్వు రాలిపోయాక కూడా గుర్తుపట్టగలిగినవాడే వర్గీకరణ నేర్చుకున్నవాడు అనేవారు మోతీలాల్ సారు. కానీ షీటు మీద పువ్వు లేకపోతే మాత్రం ఒప్పుకునేవారు కాదు. మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్ చుట్టుపక్కల లంబాడా తండాలు, నెల్లికుదురు రైతుల ఇళ్ల ముంగిళ్లు, భూపాలపల్లిలో గనుల కార్మికుల క్వార్టర్లు వాళ్లు తిరిగారు. హన్మంతు భుజానికి మొక్కలను అదిమి ఎండబెట్టే చెక్క ప్రెస్సు, వాసవి చేతిలో నోటుబుక్కు. ఆమె పెన్నుతో రాస్తుంటే అతను నవ్వేవాడు. "తడి తగిల్తే సిరా కారుతది. పెన్సిల్‌తోని రాయి. పెన్సిల్ ఏడ్వదు."

ఆ డిసెంబరు మధ్యాహ్నం వాళ్లు వెళ్లింది బయ్యారం దాటాక లోపలికి ఉన్న ఒక తండాకు. అది హన్మంతు పుట్టిన తండా కాదు. కానీ అక్కడి భాష అతనిదే కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. రుక్కి అనే ముసలావిడ పెరట్లో దడి పక్కన ఆ మొక్క కనిపించింది. పూలు లేవు. మేకలు సగం మేసేశాయి. విచ్చిన పూలన్నీ పొద్దున్నే తెంపానని, ఇంట్లో చెంబులో వేసి ఉంచానని, పోయేటప్పుడు ఇస్తానని రుక్కి చెప్పింది. సరేనని కొమ్మ కోసి ప్రెస్సులో పెట్టారు.

వాసవి వంగి ప్రెస్సు బెల్టులు బిగిస్తుండగా వెనక నుంచి గాజుల చప్పుడయింది. రుక్కి ఆమె జడ పట్టుకుని ఆ పూలన్నీ ఒక్క కుచ్చుగా చేసి పెట్టేసింది. తన భాషలో ఏదో అన్నది. హన్మంతు తల దించుకుని నవ్వాడు.

"ఏమన్నది?"

"ఏంలే. జారకుండ గట్టిగ కుచ్చిన అన్నది."

"గంత పొడుగు మాటకు గింతేనా?"

"మా భాషల ఎక్కువ మాటలైతయి," అన్నాడు. తర్వాత ముఖం మామూలుగా పెట్టుకుని, "గది షీటుకు వాసవీ. తీసియ్యి, ప్రెస్సుల పెడదం," అన్నాడు.

"అవ్వ ముందలనే తీస్తే బాధపడుతది. బస్సెక్కినంక తీసిస్తా."

తండా నుంచి రోడ్డుకు మూడు కిలోమీటర్లు పొలం గట్టు. ఒకరి పక్కన ఒకరు నడిచే వెడల్పు లేదు. ఆమె ముందు నడిచింది, అతను వెనక. అంతదూరం హన్మంతు ఒక్క మాట మాట్లాడలేదు. ప్రెస్సు బరువుకు అలసిపోయాడనుకుంది. రెండుసార్లు తను మోస్తానని కూడా అంది. వద్దన్నాడు. బస్సులో జనం. మానుకోట బస్టాండులో దిగి, గుర్తొచ్చి, జడ మీదికి చెయ్యి పోనిస్తే పూలు లేవు.

అంతే. జరిగింది అంతే. మిగతాదంతా ఆ కొమ్మ చుట్టూ తర్వాత పెరిగింది.

నెల తిరగకుండానే హన్మంతు ఒక్కడే మళ్లీ ఆ తండాకు పోయి వచ్చాడు. మేకలు మొక్కను మొదలంటా తినేశాయి. రుక్కి మిరప ఏరడానికి కూలీలతో కలిసి ఖమ్మం వైపు వలస పోయింది. తిరిగొచ్చి ఆ సంగతి చెప్పాడే కానీ, బస్సులో తీసిస్తానన్నావు గదా అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. అతను అనకపోవడం వల్లనే వాసవి గట్టిపడింది. తప్పు చేసినవాళ్లు ఏదో ఒక చోట పట్టుదలగా నిలబడాలి కాబోలు. ఆమె ఆ పువ్వు పేరు దగ్గర నిలబడింది.

వైవా రోజున మోతీలాల్ సారు షీట్లు తిప్పుతూ నలభై ఏడు దగ్గర ఆగారు. "పువ్వేది?"

"రాలిపోయింది సార్," అన్నది వాసవి.

"ఏడ?"

"బస్సుల సార్."

గదిలో అందరూ నవ్వారు. "టికెట్ కొట్టిచ్చిండ్రా దానికి?" అని సారు కూడా నవ్వి, "సరే, ఏం పువ్వది?" అన్నారు.

"కనకాంబరం."

"కాదు సార్, డిసెంబరం," అన్నాడు హన్మంతు. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

"ఆమెనేమో గట్లంటది, నువ్వేమో గిట్లంటవు. ఎట్ల చెప్తున్నవు?"

"సూసిన సార్."

"ఏడ సూసినవు? మొక్కకు పువ్వే లేదని రాసిండ్రు గదా."

హన్మంతు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆ మౌనంలోకి వాసవి దూకింది. "నా జడల పెట్టుకున్న పువ్వు నాకు తెల్వదా సార్?"

మళ్లీ నవ్వులు. సారు ఎర్రసిరా తీశారు. హన్మంతు ముఖం ఆ ఇనుప మట్టి రంగుకు తిరిగింది. సాయంత్రం మెట్ల మీద ఒక్కటే అడిగాడు. "నువ్వు గా పువ్వును సూసినవా వాసవీ?"

"అంటే నేను అబద్ధమాడిన్నా?"

"నేను గదనలే."

"మరేమన్నవు?"

అతను మెట్లు దిగాడు. ఆ తర్వాత బీఎడ్‌కు వెళ్లిపోయాడు. ఇప్పుడు భూపాలపల్లి నుంచి కాళేశ్వరం పోయే దారిలో ఒక గురుకుల పాఠశాలలో సైన్సు చెబుతున్నాడు. పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అతని నంబరు ఉంది. పండుగ శుభాకాంక్షలు పంపడు, ఎవరి పుట్టినరోజుకూ పలకడు. ఏడాదికి ఒకటో రెండో ఫొటోలు పెడతాడు: పిల్లలు పట్టుకున్న మొలకలు, ఒక ఆకు, తెల్లకాగితం మీద ఒక విత్తనం. ఫొటోల్లో తను ఉండడు. పెళ్లయిందో లేదో, పిల్లలున్నారో లేదో తెలుసుకోవడం వాసవికి కష్టం కాదు. తెలుసుకోలేదు. రెండేళ్ల కింద పరీక్షల డ్యూటీకి భూపాలపల్లి వెళ్లినప్పుడు కాళేశ్వరం బస్సు ఎదురుగా వచ్చి ఆగింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. ఆమె గంటసేపు బస్టాండులో కూర్చుని జనగామ వైపు వచ్చే బస్సెక్కింది.

ఇంట్లో పెళ్లి మాట ఎత్తడం అమ్మ సులోచన మానేసి చాలాకాలమైంది. మానుకోటలో తమ కిరాణా దుకాణం తమ్ముడు రాకేష్ చూసుకుంటున్నాడు. "అక్కకు ఆకులుంటే సాలు," అంటాడు వాడు నవ్వుతూ. అందులో ఎగతాళి లేదు, వాడు నిజంగానే అలా నమ్ముతాడు.

ఈ షీటును ఎన్నడూ విప్పకపోవడానికి కారణం వాసవికి ఇప్పుడు, ఆగయ్య బస్తా పట్టుకుని నిలబడ్డ ఈ క్షణంలో, కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. ఆకు ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఒక్క పూటలో తేలిపోయే సంగతి. క్లాసులో ఎన్నిసార్లు చెప్పింది! కనకాంబరం, డిసెంబరం రెండూ అడ్డసరం కుటుంబానివే. పువ్వు లేకుండా, ఎండిపోయి ఉంటే కొత్తవాళ్లు తడబడతారు. కానీ డిసెంబరం ఆకు పైపొర కణాల్లో సున్నపు పలుకులు ఉంటాయి, కనకాంబరంలో ఉండవు. ఏటా ఆ పాఠం చెప్పి, ఏటా బీరువా తాళం వేసేది. తేలిపోతే ఆ తగువు అయిపోతుంది. తగువు ఉన్నంతకాలం అవతల ఒక మనిషి ఉన్నాడు. ఎక్కడో ఒకచోట ఆమెతో ఇంకా వాదిస్తూ, ఆమె జవాబు కోసం ఆగి ఉన్నాడు. ఆ ఆగడాన్ని ఆమె పదమూడేళ్లుగా బీరువాలో పెట్టుకుంది.

ఇప్పుడు బస్తా వచ్చింది. పేరు తేల్చకపోతే షీటు పోతుంది. తేల్చితే తగువు పోతుంది. రెండు చేతివ్రాతలూ కలిసి ఉన్న కాగితం లోకంలో ఇదొక్కటే.

"ఆగయ్యా, స్టవ్వు వెలిగించు. చిన్న బీకరుల నీళ్లు పెట్టు."

"చాయ్‌కా మేడం?"

"ఆకుకు."

"ఆకుకు చాయ్ పోసుడు ఇయ్యాలనే సూస్తున్న," అంటూ ఆగయ్య బస్తా కింద పెట్టాడు.

షీటు మూలన అంటించిన చిన్న కాగితం పొట్లంలో రాలిపడ్డ ఆకు ముక్కలున్నాయి. కొమ్మ మీది ఆకును తుంపాల్సిన పని లేదు. గోరంత ముక్క తీసి సబ్బునీళ్లలో వేడి చేసింది. ముడుచుకున్నది మెల్లగా విచ్చుకుంది. పదమూడేళ్ల తర్వాత నీళ్లు తాగిన ఆకు, తెలియక, పచ్చబడబోయినట్టు కనిపించింది. బ్లీచింగ్ నీళ్లలో పెట్టి రంగు పోయేదాకా ఆగింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. గంట తర్వాత బ్లేడు మొనతో పైపొర ఒలిచింది. సాఫ్రనిన్ ఎర్రరంగు చుక్క వేసింది. పైన మూసే సన్నటి గాజుపలకను, కింద గాలిబుడగ రాకుండా, సూదితో దించింది. ఇవన్నీ చేతులు వాటంతట అవే చేశాయి. ఆమె మాత్రం పొలం గట్టు మీద నడుస్తూనే ఉంది.

కన్ను ఆనించి, స్క్రూ తిప్పింది. గులాబిరంగు మబ్బు గట్టిపడి గోడలయింది. ఇటుకలు పేర్చినట్టు కణాలు.

మొదటి చూపులో ఏమీ లేదు. గుండె తేలికైంది. ఆ తేలికకు సిగ్గేసింది.

స్లైడును కాస్త పక్కకు జరిపింది. ఉన్నాయి. రంగు పట్టని గరుకు పలుకులు, బియ్యపు గింజల్లా పొడుగ్గా. విడివిడిగా కాదు, జంటలుగా. పక్కపక్క కణాల్లో, ఒక గోడకు ఈవల ఒకటి, ఆవల ఒకటి, కొసలు ఒకదానికొకటి ఎదురుగా. మళ్లీ జరిపింది. మళ్లీ జంటలే.

ఇంకో ముక్క మీద పలుచటి ఆమ్లం ఒక చుక్క వేసి చూడాలి. సున్నమే అయితే బుడగలు వచ్చి కరిగిపోతుంది. కరిగిపోతేనే అది సున్నమని రూఢి. వేసింది. పలుకుల నుంచి సన్నని బుడగలు లేచాయి. కాసేపటికి అవి ఉన్నచోట ఖాళీలు మిగిలాయి.

డిసెంబరం.

వాసవి మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తలేదు. మొక్క డిసెంబరమే అయితే జడలో పెట్టుకున్న పూలు డిసెంబరాలే. మరి తనకు గుర్తున్న ఆ నారింజరంగు ఎక్కడిది? ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే కనిపించిన ఆ కుచ్చు? జ్ఞాపకంలో నిదానంగా వెనక్కి నడిచింది. ప్రెస్సు మీద వంగిన తను. వెనక గాజుల చప్పుడు. జడలో వేళ్లు. తేలికగా, వాసన లేకుండా ఏదో. చిన్నప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం అమ్మ వెనక నిలబడి పెట్టేవి అట్లాంటివే, తేలికైనవి, వాసన లేనివి. అవి కనకాంబరాలు. అమ్మ వేళ్ల నుంచి రంగు తెచ్చి రుక్కి పూలకు పూసుకుంది తను.

తను ఆ పూలను చూడలేదు. ఒక్క క్షణం కూడా చూడలేదు. జడలో పెట్టుకున్నవాళ్లకు కనబడని చోటనే కదా అవి ఉన్నది.

చూసింది వెనక నడిచినవాడు. మూడు కిలోమీటర్లు, ఒక్క మాట లేకుండా. బరువుకు అలసి కాదు.

ఎక్కడ చూశావని నిండు గదిలో సారు అడిగితే ఏమని చెబుతాడు? ఆమె జడ వైపు చూస్తూ నడిచానని చెబుతాడా? చెప్పి ఉంటే షీటు నిలబడేది, ఆమె పేరు నవ్వుల్లో నలిగేది. అతను నోరు మూసుకుని పేరును పోగొట్టుకున్నాడు. మెట్ల మీద మాత్రం చెప్పడానికి వచ్చాడు. నువ్వు చూశావా అని అడిగింది తప్పు పట్టడానికి కాదు. చూడలేదని ఆమె అంటే, నేను చూశానని అనడానికి. ఆ ఒక్క మాటకు ఆమె చోటివ్వలేదు.

"మేడం, మూడున్నరైంది," అన్నాడు ఆగయ్య. "దొరికిందా?"

"దొరికింది."

షీట్ల విషయంలో ఒక మర్యాద ఉంది. పాత పేరును చెరపకూడదు, గోకకూడదు. తప్పయినా సరే అది ఆ షీటు మీద ఉండాల్సిందే. సరైన పేరు తెలిసినవాళ్లు పక్కన కొత్త చీటీ రాసి, తేల్చినవారి పేరు, తేదీ వేసి అంటించాలి. వాసవి చీటీ తీసుకుంది. పెన్ను పక్కన పెట్టి డ్రాయరులో వెదికి పెన్సిల్ తీసింది. మొక్క పేరు రాసింది. తేల్చినవారు అన్నచోట, బానోత్ హన్మంతు అని రాసింది. తేదీ ఇవాళ్టిది కాదు, ఆ డిసెంబరుది వేసింది. ఆకు ముక్కలో కనబడ్డదంతా కింద రెండు వరుసల్లో రాసి, పరిశీలించినది వాసవి అని పెట్టింది.

ఇంకొక్క గడి మిగిలింది. పువ్వు రంగు. ఎండితే రంగు పోతుంది కనుక కోసిన రోజే రాసుకోవాల్సిన గడి అది. పాత లేబుల్ మీద ఆ గడిలో నీలిసిరాతో నారింజ అని ఉంది, తను చూడని రంగు. డిసెంబరాలు ఊదావి ఉంటాయి, తెల్లవి ఉంటాయి, గులాబివి ఉంటాయి, తెలుపు మీద ఊదా చారలవీ ఉంటాయి. మైక్రోస్కోపు ఎంతసేపు చూసినా ఆకు ఆ సంగతి చెప్పదు. అది తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతనికి కూడా ఇంకా గుర్తుంటేనే.

ఆగయ్య జిగురు రాసి చీటీ అంటించి, వంగి చూశాడు. "రంగు రాయలే మేడం. ఖాళీ ఉన్నది."

"నాకు తెల్వదు ఆగయ్యా."

ఆ మాట అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"తెల్వకుంటే ఎవలనన్న అడుగుండ్రి. జితేందర్ సారు తాళం పట్టుకోని అస్తుండు."

వాసవి ఫోను తీసింది. గ్రూపులో పేర్ల వరుస కిందికి జరుపుతూ పోయి ఒక పేరు దగ్గర ఆగింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. బాగున్నావా అని రాసి తీసేసింది. క్షమించు అని రాసి, అది తన బరువును అతని భుజానికెత్తినట్టుందని తీసేసింది. కారిడారులో తాళంచెవుల చప్పుడు దగ్గరవుతోంది.

"నలభై ఏడు డిసెంబరమే హన్మంతూ. నేను సూడలేదు. ఏ రంగుది?"

రాసింది ఒకసారి చదువుకుంది. ఏమీ మార్చకుండా పంపింది.